కరెంటు పోయినా పెట్టె పోకూడదు

కోనసీమలో కరెంటు పోయి వచ్చిందంటే ఇంటిల్లిపాదీ టీవీ పక్కనున్న తెల్ల పెట్టెకేసే చూస్తారు. ముందు పవర్ అని రాసున్న చోట లైటు వెలుగుతుంది. తర్వాత పాన్ దగ్గరి పచ్చ లైటు కొట్టుకోవడం మొదలెడుతుంది. నిమిషమో రెండు నిమిషాలో అలా మిణుకుమిణుకుమని ఆఖరికి నిలబడితే సీరియల్ వచ్చినట్టే. లాస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే మాత్రం కేబుల్ కుర్రాడికి ఫోను.

"ఎర్ర లైటేనయ్యా, ఇందాకట్నుంచీ."

"ఆయ్, ఒకసారి స్విచ్చి తీసి వెయ్యండి పిన్నిగారూ. రాకపోతే వైరు తెగినట్టేనండి, పొద్దున్నే వస్తాను."

స్విచ్చి తీసి వెయ్యమనడం ఎంత ధైర్యం ఉంటే చెప్పే మాటో ఆ కుర్రాడికి తెలియదు, తెలియక్కర్లేదు కూడా. ఆ క్షణాన పెట్టె లోపల ఏం జరుగుతున్నా సరే, కొత్త సాఫ్ట్‌వేర్ సగం ఎక్కి సగం ఎక్కకుండా ఉన్నా సరే, స్విచ్చి తీస్తే అది చచ్చిపోకూడదు. ఈ ఒక్క పూచీ కోసం ఇంజనీర్లు పాతికేళ్లుగా పడ్డ పాట్లే ఈ కథ.

ఆ పెట్టె మన డెల్టా పల్లెల్లోకి వచ్చిన తేదీ చెప్పుకోవాలంటే 2016 డిసెంబరు 29. అంతర్వేదికి పోయే దారిలో, సఖినేటిపల్లి మండలంలో, జీడిపప్పుకు పేరుపడ్డ మోరి గ్రామంలో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లను ఆనాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు. మోరి, మోరిపోడు రెండూ అప్పుడు తూర్పుగోదావరి పల్లెలు, ఇప్పుడు కోనసీమ జిల్లావి. ఏడాది తిరిగేసరికి, 2017 డిసెంబరు 27న, రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు ఫోను, నెట్టు, టీవీ మూడూ అన్నమాట ఊళ్లలో బాగా పాకింది. ఫైబర్‌ను చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. ఖర్చు కలిసొచ్చింది, పనీ తొందరగా తెమిలింది. తుఫానుకు స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ జంటగా పోవడం అందులో ఉన్న చిక్కు.

ఇలాంటి పెట్టెల్లో నడిచేది ఎక్కువగా లినక్సే. రౌటర్, సెట్‌టాప్ బాక్స్, సీసీ కెమెరా రికార్డర్, ఏది విప్పినా అదే. పైకి పెట్టెలా ఉన్నా లోపల ఉన్నది కంప్యూటర్. కంప్యూటరన్నాక అందులో తప్పులుంటాయి, దొంగలు దూరే కన్నాలుంటాయి, వాటిని పూడ్చడానికి కొత్త సాఫ్ట్‌వేర్ పంపుతూనే ఉండాలి. ఇంట్లో కంప్యూటరైతే ముందు మనిషి కూర్చుని ఉంటాడు. అప్‌డేట్ చెడితే సీడీ పెట్టుకుంటాడో, తెలిసిన కుర్రాణ్ని పిలుచుకుంటాడో. పెట్టె ముందు ఎవరూ లేరు. కీబోర్డు లేదు, తెర లేదు. పడిపోతే తన చేతుల మీద తనే లేవాలి.

పడిపోవడం ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. పెట్టె సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది. పలక మీదైతే ఒక్క అక్షరం తుడిచి దిద్దుకోవచ్చు. ఫ్లాష్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా పలక మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినుంచీ రాయాలి. మామూలు నాండ్ చిప్‌లో ఆ పలక 128 కిలోబైట్లు. అప్‌డేట్ అంటే అలాంటి పలకల్ని వందలకొద్దీ వరసగా తుడవడం, రాయడం. తుడవడం అయ్యాక, రాయడం మొదలవకముందు కరెంటు పోయిందనుకోండి. కరెంటు వచ్చాక పెట్టె లేచి చూసుకుంటే లినక్స్ కెర్నెల్ ఉండాల్సిన చోట ఖాళీ. లైటు వెలుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఈ వృత్తిలో దాన్ని బ్రిక్ అయిందంటారు, అంటే ఇటుకైపోయిందని. మన లంకల్లో బట్టీ ఇటుకకైనా ఓ రేటుంది, దీనికి అదీ లేదు.

మొదట్లో దీనికి విరుగుడు మనిషే. టెక్నీషియన్ వచ్చి, మూత విప్పి, బోర్డు మీది పిన్నులకు సీరియల్ తీగ తగిలించి, ల్యాప్‌టాప్ నుంచి మళ్లీ ఎక్కించాలి. ఫ్యాక్టరీలో పది యంత్రాలుంటే అలా నెట్టుకురావచ్చు. ఇంటింటికీ పెట్టె అయినప్పుడు కుదరదు.

లెక్క మార్చిన మొదటి అడుగు బూట్‌లోడర్ దగ్గర పడింది. కరెంటు రాగానే లినక్స్ కన్నా ముందు లేచి, దాన్ని తట్టి లేపే చిన్న ప్రోగ్రాం అది. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ డెంక్ 2000లో పీపీసీబూట్ పేరుతో ఒకదాన్ని తెచ్చారు. 2002లో దాని పేరు యూ-బూట్ అయింది. ఇవాళ ప్రపంచంలో లెక్కలేనన్ని పెట్టెలు దానితోనే లేస్తాయి. దాన్ని పెంచిపోషించిన చేతుల్లో హైదరాబాద్ ఇంజనీరు జగన్ టెకి చేయి కూడా ఉంది. ఫ్లాష్ చిప్‌లతో మాట్లాడే ఎస్పీఐ భాగానికి ఆయన నిర్వాహకుడిగా పనిచేశారు.

యూ-బూట్‌లో బూట్‌కౌంట్ అని ఒక చిన్న ఏర్పాటుంది. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. లేచిన ప్రతిసారీ బూట్‌లోడర్ ఒక అంకెను ఒకటి పెంచుతుంది. లినక్స్ చక్కగా లేచి, పని మొదలెట్టాక ఆ అంకెను తనే సున్నా చేస్తుంది. లేవలేకపోతే సున్నా చేసేవాడుండడు కాబట్టి అంకె పెరుగుతూ పోతుంది. ముందే పెట్టుకున్న హద్దు దాటగానే బూట్‌లోడర్ ఆ దారి వదిలేసి ప్రత్యామ్నాయ దారి పడుతుంది. లినక్స్ లేచి మధ్యలో బిగుసుకుపోతే? దానికి వాచ్‌డాగ్ ఉంది. ఇన్ని సెకన్లకొకసారి తనను తట్టకపోతే పెట్టెనే రీస్టార్ట్ చేసేసే గడియారం అది. బూట్‌కౌంట్, వాచ్‌డాగ్ కలిశాక పెట్టెకు మొదటిసారిగా తను పడిపోయానన్న తెలివి వచ్చింది.

సరే, ప్రత్యామ్నాయ దారి పట్టింది. ఆ దారి ఎక్కడికి పోవాలి?

రాజమండ్రి వాళ్లకు దీనికి జవాబు గోదావరి మీదే కనబడుతుంది. 1900 నుంచి రైళ్లు మోసిన హేవలాక్ వంతెన ముసలిదైపోయినప్పుడు, దాన్ని విప్పి ఆ స్తంభాల మీదే కొత్తది కట్టలేదు. పక్కనే వేరే దారిలో ఆర్చి వంతెన కట్టారు. కడుతున్నంతకాలం పాతదాని మీద రైళ్లు తిరుగుతూనే ఉన్నాయి. 1997లో కొత్త వంతెన బరువు మోయడం మొదలెట్టాకే పాతదానికి సెలవిచ్చారు. సెలవిచ్చారే గానీ పడగొట్టలేదు, ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉంది.

పెట్టెలోనూ సరిగ్గా అదే చేశారు. ఫ్లాష్‌ను రెండు గదులు చేశారు. ఒక గదిలో పాత సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది. రెండో గదిలో తాపీగా కొత్తది రాస్తారు. రాస్తుండగా కరెంటు పోతే పోనీ, పాత గది చెక్కుచెదరదు. మళ్లీ మొదలెట్టుకోవచ్చు. పూర్తిగా రాశాక, సరిచూసుకున్నాక, ఇకనుంచి రెండో గదిలోంచి లేవమని ఒక చిన్న చీటీ మార్చడమే. వృత్తిలో దీన్ని ఏ-బీ అప్‌డేట్ అంటారు. గూగుల్ 2011లో అమ్మకానికి తెచ్చిన క్రోమ్‌బుక్‌లలో ఒక్కో గదికి మూడు గుర్తులు పెట్టింది: ముందెవరు, ఇంకెన్నిసార్లు ప్రయత్నించవచ్చు, ఎప్పుడైనా సరిగా లేచిందా. 2016లో ఆండ్రాయిడ్ 7తో ఆ పద్ధతి ఫోన్లకూ వచ్చింది.

అయితే కరెంటు నమ్మకం లేని మన ఊళ్లకు సరిగ్గా అమరిన రూపం నాకు అక్కడ కనబడలేదు. టెలికాం వాళ్ల చప్పటి ప్రమాణాల పత్రాల్లో కనబడింది. ఫైబర్ పెట్టెలకు జీపాన్ అనే ప్రమాణం ఉంది. కేబుల్ ఆఫీసు వైపున్న పెద్ద యంత్రం ఓఎల్‌టీ, మన ఇంట్లోది ఓఎన్‌టీ. పెద్దది చిన్నదానితో మాట్లాడే భాష పేరు ఓఎమ్‌సీఐ. అంతర్జాతీయ టెలికాం సంఘం దాన్ని 2004లో ఖాయం చేసి, 2010లో జీ.988 అన్న పేరుతో విడిగా అచ్చువేసింది. అందులో మొదటినుంచీ ప్రతి పెట్టెకూ రెండు సాఫ్ట్‌వేర్ గదులు.

ఆ భాషలో అప్‌డేట్ ఎలా సాగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్కో సందేశం 48 బైట్లే. అందులో సాఫ్ట్‌వేర్‌కు దక్కేది 31 బైట్లు, ముక్క నంబరుకు ఒక బైటు. 16 మెగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను ఇలా పంపాలంటే 5,41,201 ముక్కలు. జీడిపప్పును బస్తాగా కాకుండా బద్దల లెక్కన మోసినట్టు! ప్రతి ముక్కకూ అందిందని జవాబు చెబుతూ కూర్చుంటే తెల్లారుతుంది గనక, కట్టకు 256 ముక్కల దాకా పెట్టుకుని, కట్ట చివర ఒక్కసారే జవాబు. ముక్క నంబరుకు ఒక్క బైటే ఉంది, ఒక బైటులో పట్టేవి 256 అంకెలే. అందుకే ఆ హద్దు. పెద్ద సందేశాల పద్ధతి తర్వాత వచ్చింది గానీ, ఈ చిన్న ముక్కల పద్ధతి ఇంకా బతికే ఉంది. అంతా అయ్యాక మొత్తానికి ఒక సరిచూపు అంకె పంపుతారు. పెట్టె తను లెక్కగట్టుకున్నదానితో పోల్చుకుంటుంది. తేడా వస్తే ఆ గది చెల్లదు.

అసలు విశేషం దీని తర్వాత. రెండు వేర్వేరు ఆజ్ఞలున్నాయి: యాక్టివేట్, కమిట్. యాక్టివేట్ అంటే ఈ ఒక్కసారికి కొత్త గదిలోంచి లేచి చూడు. కమిట్ అంటే ఇకమీదట ఎప్పుడు లేచినా ఈ గదిలోంచే లే. రెంటికీ మధ్య గంట పట్టొచ్చు, రోజు పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో కొత్త సాఫ్ట్‌వేర్ పెళ్లిచూపుల్లో ఉన్నట్టే, ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు. అప్పుడు కరెంటు పోయి వచ్చిందా, పెట్టె కమిట్ అయిన గదిలోంచి, అంటే పాతదాన్నుంచే లేస్తుంది. కొత్తది ఇంట్లో నెట్టును పాడుచేసి, ఆఫీసు వైపు నుంచి దాన్ని చేరే దారి కూడా మూసేసిందనుకోండి. అప్పుడు చేయాల్సిన వైద్యం ఏమిటి? పిన్నిగారు స్విచ్చి తీసి వెయ్యడమే. కేబుల్ కుర్రాడి సలహా వెనక ఉన్నది ఈ ఏర్పాటే.

కమిట్ ఎప్పుడు చెప్పాలన్నది మాత్రం ఏ ప్రమాణమూ తేల్చిపెట్టదు. పాన్ లైటు నిలబడితే చాలా? టీవీ ఛానల్ కదలకుండా వస్తోందా, ఫోను మోగుతోందా? మూడురోజులు బాగా నడిచి నాలుగోరోజు మెమరీ నిండి బిగుసుకుపోయే రకం తప్పులూ ఉంటాయి. నా మట్టుకు తొందరపడి కమిట్ చెప్పడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

చీటీ సంగతీ చెప్పాలి. ఏ గదిలోంచి లేవాలో రాసుకునే ఆ చీటీ కూడా ఫ్లాష్‌లోనే ఉంటుంది. దాన్ని మారుస్తుండగా కరెంటు పోతే? అందుకే యూ-బూట్ చీటీని రెండు ప్రతులుగా ఉంచుకునే వీలిచ్చింది. ఒకటి చెడితే రెండోది. మరి ఆ రెంటినీ చదివే బూట్‌లోడర్‌నే మార్చాల్సి వస్తే? ఈఎమ్ఎమ్‌సీ చిప్‌లలో దానికీ రెండు చిన్న బూట్ గదులు పెట్టారు. ఇలా వెనక్కి వెనక్కి పోతూ ఉంటే చివరికి చిప్ తయారుచేసినవాడు సిలికాన్‌లో పోతపోసిన కాస్త కోడ్ దగ్గర ఆగుతాం. దాన్ని మార్చలేం. అదృష్టం, మార్చలేం.

మోరిలో కనెక్షన్లు ప్రారంభం కావడానికి సుమారు నెల ముందు, 2016 నవంబరు 27న, జర్మనీలో డాయిష్ టెలికామ్ ఖాతాదారులు దాదాపు 9 లక్షల మందికి నెట్టు పోయింది. రౌటర్లను దూరం నుంచి చూసుకోవడానికి టీఆర్-069 అనే పద్ధతి ఉంది. కంపెనీ కోసం తెరిచిపెట్టిన ఆ తలుపును మిరాయ్ అనే పురుగు తట్టింది. పురుగు లోపలికి దూరలేదు గానీ, ఆ తట్టుడుకే రౌటర్లు కుప్పకూలాయి. కంపెనీ హుటాహుటిన కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధం చేసి, జనానికి చెప్పిన మాటేమిటంటే: రౌటర్ ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టండి, లేవగానే కొత్తది తనే దింపుకుంటుంది. బాన్‌లో కూర్చున్న కంపెనీదీ మన కేబుల్ కుర్రాడిదీ ఒకే మందు.

మరుసటి ఏడాది ఆగస్టులో అమెరికాలో ఇంకో తమాషా. లాక్‌స్టేట్ అనే కంపెనీ నెట్టుతో పనిచేసే తాళాలకు అప్‌డేట్ పంపింది. ఒక మోడల్ సాఫ్ట్‌వేర్ ఇంకో మోడల్ తాళాలకు వెళ్లింది. సుమారు 500 తాళాలు మొద్దుబారిపోయాయి. ఇంటివాళ్లు తాళం భాగం ఊడదీసి పోస్టులో పంపుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా ఈ రకం గండాలు తప్పించడానికే ఆ దశాబ్దంలో ఒకదాని తర్వాత ఒకటిగా అప్‌డేట్ పనిముట్లు వచ్చాయి. అంతకుముందు ఏ కంపెనీకాకంపెనీ సొంతంగా ఒక షెల్ స్క్రిప్టు రాసుకుని, దేవుడి మీద భారం వేసేది. డెంక్ పెట్టిన కంపెనీ నీడలోనే స్టెఫానో బాబిచ్ ఎస్‌డబ్ల్యూఅప్‌డేట్ రాశారు. జర్మనీలోనే పెంగుట్రోనిక్స్ రాక్ తెచ్చింది. ఓస్లోకు చెందిన నార్తర్న్.టెక్ 2017లో మెండర్ తొలి పూర్తి వెర్షన్ విడుదల చేసింది. రాక్‌లో ప్రతి అప్‌డేట్ మూట మీదా ఇది ఫలానా పెట్టెకే అని రాసి ఉంటుంది. పెట్టె తన పేరుతో పోల్చుకుని, కలవకపోతే మూట విప్పనే విప్పదు. లాక్‌స్టేట్ తాళాల్లో ఈ ఒక్క పోలిక ఉండుంటే ఆ పోస్టు ఖర్చు తప్పేది. కోలిన్ వాల్టర్స్ ఓఎస్‌ట్రీ దారి వేరు. రెండు గదులంటూ లేకుండా, ఒకే గదిలో పాత కొత్త ఫైళ్లను పక్కపక్కన ఉంచి, మారని ఫైళ్లను రెండూ పంచుకునేలా చేస్తుంది. చోటు తక్కువున్న చోట అది వరం.

పనిముట్టు ఎంచుకోవడం ఒక మధ్యాహ్నం పని. దాన్ని పెట్టెలో ఇమడ్చడమే నెలలు తీసుకుంటుంది, అక్కడ ఎదురయ్యేవన్నీ ఇంటి సమస్యలే. వైఫై పాస్‌వర్డ్ ఏ గదిలో ఉండాలి? రెండింట్లోనూ కాదు, విడిగా మూడో గదిలో ఉండాలి. లేకపోతే అప్‌డేట్ అయిన పొద్దున ఇంట్లో పిల్లలు గోల చేస్తారు. సరే, మూడో గదిలో పెట్టాం. కొత్త సాఫ్ట్‌వేర్ లేచి ఆ సెట్టింగులను తన పద్ధతిలోకి తిరగరాసుకుంది. రెండు గంటల తర్వాత అది పడిపోయి పాతది లేచింది. పాతదానికి ఆ కొత్త రాత అర్థం కాదు. వెనక్కి రావడానికి దారి ఉంది, వచ్చాక ఇల్లే మారిపోయింది. ఈ గుంటలో పడని బృందం అరుదు.

ఇంకోటి గడియారం. అప్‌డేట్ మూటకు సంతకం ఉంటుంది, ఆ సంతకపు పత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుబాటు ఉంటుంది. చవక పెట్టెల్లో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే వాటి తేదీ 1970 జనవరి 1. ఆ తేదీకి సంతకపు పత్రం ఇంకా పుట్టనే లేదు. పెట్టె నిజాయితీగా మూటను తిరగ్గొడుతుంది. ముందు నెట్టు నుంచి టైము తెచ్చుకుని ఆ తర్వాత సంతకం చూడమని చెప్పాలి. రాసేటప్పుడు ఎవరికీ తట్టదు.

ఇన్ని పద్ధతుల్లో ఏది మంచిదని అడిగితే, పెట్టె చెడితే దాని దగ్గరికి ఎవరు, ఎంతసేపట్లో వెళ్తారో ముందు చెప్పమంటాను. ఇంట్లో పెట్టెకు కేబుల్ కుర్రాడు పొద్దున్నే బండేసుకుని వస్తాడు. భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద పెట్టెకు? విజయవాడ ఎరువాక టెక్నాలజీస్ లాంటివాళ్లు పదేళ్లకు పైగా చెరువుల్లో సెన్సార్లు తేలుస్తున్నారు. నీళ్లలో ఆక్సిజన్, రైతుల మాటలో డీవో, ఎంతుందో చూసి ఏరియేటర్లు తిప్పే కాలం ఇది. అలాంటి గట్టు మీద లినక్స్ పెట్టె పెడితే దానికి ఫైబర్ ఉండదు, సిమ్ కార్డే. వంద మెగాబైట్ల సాఫ్ట్‌వేర్‌ను నెలనెలా మొత్తం దింపితే డేటా చార్జీ ఎవరు కడతారు? అక్కడ మారిన ముక్కలే పంపే డెల్టా పద్ధతి కావాలి. కోలిన్ పెర్సివల్ 2003లో రాసిన బీఎస్‌డిఫ్ దగ్గర్నుంచి దానికి సరంజామా ఉంది. మన డెల్టాకు డెల్టా అప్‌డేట్, పేరు కూడా కుదిరింది.

వేళ ఇంకా ముఖ్యం. ఇళ్ల పెట్టెలకు రాత్రి మూడింటికి అప్‌డేట్ చేయడం ప్రపంచమంతా ఆనవాయితీ, అప్పుడు ఎవరూ టీవీ చూడరు కాబట్టి. రొయ్యల చెరువుకు అది కాలయముడి వేళ. రాత్రంతా నాచు, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ పీల్చుకుంటాయి, ఇచ్చే ఎండ ఉండదు. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే డీవో అట్టడుగుకు పడిపోతుంది. ఏరియేటర్ తిప్పే పెట్టె అప్పుడు ఐదు నిమిషాలు రీస్టార్ట్ అవుతూ కూర్చుంటే, గట్టు మీద రైతుకు రొయ్యలు పైకి తేలడం కనబడుతుంది. ఆ పెట్టెకు మధ్యాహ్నం రెండు గంటలు మంచి వేళ, ఎండ బాగా కాసి నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నప్పుడు. ఏ పనిముట్టులోనూ ఈ సంగతి ముందే రాసి ఉండదు. చెరువు గురించి తెలిసినవాడు వచ్చి ఆ అంకె మార్చాలి.

హేవలాక్ పోలిక ఒక్క చోట చెడుతుంది. పాత వంతెన నీళ్లలో ఎన్నేళ్లయినా నిలబడొచ్చు. పెట్టెలో గదులు రెండే. కమిట్ చెప్పిన రాత్రి నుంచి పాత గది ఊరికే పడి ఉంటుంది, ఏదైనా అయితే వెనక్కి రావడానికి. తర్వాత అప్‌డేట్ వచ్చే రోజున, ఓఎల్‌టీ 31 బైట్ల మొదటి ముక్క పంపగానే, రాసేది ఆ గది మీదే. అప్పటిదాకా కాపాడినదాన్ని తుడిచేసి, ఇవాళ కొత్తగా ఉన్నదాన్ని పాతది చేసుకుని, పెట్టె మళ్లీ ముక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది. పిన్నిగారు సీరియల్ చూస్తూనే ఉంటారు, పాన్ లైటు నిలకడగా వెలుగుతూనే ఉంటుంది.